ఎడమకాలి మీద బరువు

నాగాయలంక,
8-3-1998.

చిరంజీవి రత్నకుమారికి,

మీ మావయ్య నరసింహం దీవించి రాస్తున్నాను. నీ పేరుకు ముందు ఏం రాయాలో తేలక ఈ కాగితం చాలాసేపు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాత అలవాటుగా చి.ల.సౌ. అని రాయబోయి చెయ్యి ఆపుకున్నాను. చివరికి చిరంజీవి అని మాత్రం రాశాను. ఏమీ అనుకోకు.

ఫోను చేద్దామంటే బూత్ బయట జనం నిలబడి వింటారు. నాకా, నాలుగు మాటలకే ఆయాసం వస్తోంది. పడవ మీద నేను వెళ్ళడం మానేశాను. మా అన్న కొడుకని చెప్పడం కాదు గాని, అన్నీ అయ్యప్పే చూసుకుంటున్నాడు. వాడు తెచ్చిందే చేప, చెప్పిందే లెక్క.

అంజి సంవత్సరీకానికి నువ్వు పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావు. మీ అత్తయ్య నీతో మాట్లాడదామనుకుని, ఏం మాట్లాడాలో తెలియక వంటింట్లోనే ఉండిపోయింది. అది మనసులో పెట్టుకోకు.

ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. బందరులో మీ అద్దె వాటా ఖాళీ చేసినప్పుడు వ్యానులో తెచ్చిన సామానంతా అటక మీదే ఉంది. మొన్న చెదలు కనబడితే అయ్యప్ప చేత దింపించాను. నల్ల ట్రంకు పెట్టె తెరిస్తే అందులో దూదిలో చుట్టిన ప్లాస్టిక్ సిపాయిలు! ఒక్కొక్కడు చిటికెన వేలంత. ఇనప చొక్కాలు, డాళ్ళు, ఈటెలు, గుర్రాలు. బిస్కెట్ డబ్బాల నిండా ఉన్నారు. అడుగున ఇంకా విప్పని అట్టపెట్టెలు కూడా ఉన్నాయి, ఊపితే అతికించని ముక్కలు గలగలమంటున్నాయి. ఓడ మీద పనిచేసేటప్పుడు వాడు ఏవో బొమ్మలు కొనుక్కొస్తాడని విన్నాను గాని, ఇంత పని చేశాడని నాకు తెలియదు.

అందులో ఒకడున్నాడు. ఎడమకాలు రాయికి తన్నిపెట్టి, బరువంతా దాని మీద వేసి, కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. చూడగానే వాణ్ణి వెలుతురులోకి తెచ్చి పట్టుకున్నాను. అచ్చం మా అంజి నిలబడే తీరు! వాడి చేత్తో వాడే చేసుకున్నాడు. అందరినీ తీసి అద్దాల బీరువాలో పెట్టాను. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాను. మా అబ్బాయి చేతి పని అంటే ఎవరూ నమ్మడం లేదు.

విప్పని పెట్టెలు కూడా పూర్తి చేద్దామనుకుంటున్నాను. వాడు మొదలుపెట్టింది సగంలో ఉండకూడదు. ఏ జిగురు వాడేవాడో నీకు తెలిస్తే రాయి.

మీ నాన్న పిచ్చేశ్వరరావు గారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
నరసింహం


గుడివాడ,
21-3-1998.

పూజ్యులు మావయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. స్కూల్లో పరీక్షల కాలం. డ్రాయింగ్ టీచరుకి పరీక్షలేమిటంటారేమో, ప్రశ్నపత్రాలు పంచేది, పిల్లల వెనక తిరిగేది మేమే. ఇంటికొచ్చేసరికి చెప్పులు విప్పడానికి కూడా ఓపిక ఉండడం లేదు.

మీరు ఆయాసానికి మందు వేసుకుంటున్నారా? అవనిగడ్డ డాక్టరు గారు ఇచ్చినది మధ్యలో ఆపకండి.

మావయ్య గారూ, ఒక మనవి. దయచేసి విప్పని పెట్టెలు విప్పకండి. మామూలు జిగురుతో అసలు అతికించకండి, పాడైపోతాయి. ఆ ట్రంకు పెట్టె ఉన్నదున్నట్టు నాకు పంపిస్తారా? నాన్నగారికి తెలిసిన చేపల లారీలు చల్లపల్లి మీదుగా వస్తుంటాయి. డ్రైవరుకి చెప్పి పెట్టిస్తాను. మీరు శ్రమ పడక్కర్లేదు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మీ కోడలు,
రత్నకుమారి


నాగాయలంక,
12-4-1998.

చిరంజీవి రత్నకుమారికి,

నీ ఉత్తరం వచ్చేసరికే నేను ఒక పెట్టె విప్పేశాను. సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ రాశాను. సిపాయి చెయ్యి అతుక్కోవడం మాట అలా ఉంచు, బెల్లప్పాకంలా కరిగి కిందికి జారింది. తర్వాత వేరే జిగురు తెప్పించాను. అది సిపాయికంటే నా వేళ్ళకే బాగా అంటింది. మీ అత్తయ్య కొబ్బరినూనె రాసి విడదీసింది. అయినా మానలేదు. వల అల్లిన వేళ్ళివి, ఈ బొమ్మలకు లొంగిపోతాయా అనుకున్నాను. లొంగిపోయాయి. అయినా కొంతమందిని నిలబెట్టాను.

పెట్టె నీకెందుకో నువ్వు రాయలేదు. నేనే చెప్తాను. అయ్యప్ప గుడివాడ వచ్చినప్పుడు విన్నాడట, మీ నాన్న నీకు సంబంధాలు చూస్తున్నాడని. తప్పనడం లేదు. నీ వయసు పిల్ల ఎంతకాలం అలా ఉంటుంది? కానీ ఇంకొకరి ఇంటికి వెళ్ళేదానివి, అంజి బొమ్మలు తీసుకెళ్ళి ఏం చేస్తావమ్మా? ఎవరి పిల్లలో ఆడుకుని విరగ్గొడతారు. లేకపోతే ఏ పాత సామానువాడికో వేస్తారు.

మీ నాన్న మంచం, బీరువా తీసుకెళ్తానంటే తీసుకెళ్ళమన్నాను. ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఇది మాత్రం నా కొడుకు చేతులతో చేసింది. నాకు వాడి చేతులు ఇంకెక్కడ దొరుకుతాయి? మీ అత్తయ్య రోజూ పొద్దున్నే బీరువా అద్దం తుడుస్తోంది. ఏడాదిగా ఇంట్లో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు.

పంపలేను. కోపం తెచ్చుకోకు.

నరసింహం


గుడివాడ,
26-4-1998.

మావయ్య గారికి నమస్కారాలు.

కోపం తెచ్చుకోవద్దన్నారు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, నాకు అది లేదు. ఉన్నమాట రాస్తాను.

సంబంధాల సంగతి నిజమే. చూస్తున్నది నాన్నగారు. నేను ఔననలేదు, కాదనలేదు. ఎవరూ అడగలేదు కూడా. వ్యాను వచ్చి బందరు ఇల్లు ఖాళీ చేసిన రోజూ ఎవరూ అడగలేదు. నేను లోపలి గదిలో పడుకుని ఉన్నాను. ఒక్కొక్క సామాను గడప దాటుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. మంచం ఇటు, ట్రంకు అటు అని మీరూ నాన్నగారూ వసారాలో పంచుకున్నారు. లేచి వచ్చి ఆ నల్లపెట్టె నాది అనడానికి ఆ రోజు నోరు రాలేదు.

అది నాది మావయ్య గారూ. అందులో ఆయన చేతి పని ఏమీ లేదు. అన్నీ నేను చేసినవి.

ఆయన పెట్టెలు కొనుక్కొచ్చేవారు, అంతే. మామిడికాయ కోసినా బొటనవేలు కోసుకునే మనిషి. మీకు తెలియంది కాదు. మేం ఉన్నది చిలకలపూడి. పక్క వాటాలో రోల్డుగోల్డు గాజులకు రాళ్ళు పొదిగేవాళ్ళు. వాళ్ళ దగ్గర కూర్చుని సన్న పట్టకారు పట్టడం, ఆకురాయి వాడడం నేర్చుకున్నాను. మీరు రాశారే, వెనక్కి చూస్తున్నవాడు? వాడు పెట్టెలోంచి వచ్చినప్పుడు తిన్నగా ముందుకు చూస్తూ కర్రలా ఉన్నాడు. బ్లేడుతో మెడ కోసి, తల పక్కకి తిప్పి, లోపల గుండుసూది ముక్క దింపి అతికించాను. మోకాలి వెనక చిన్న చీలిక తీసి, వేడినీళ్ళలో ముంచి కాలు వంచాను. సందులన్నీ లప్పంతో పూడ్చి, ఎండాక గీకాను. వాడొక్కడికే మూడు ఆదివారాలు పట్టింది. మీరు కరిగించిన పెట్టె ఆయన ఆఖరిసారి తెచ్చింది. దాన్ని ఏం చెయ్యాలో నేను అనుకుని ఉంచాను.

ఇన్నాళ్ళూ చెప్పకపోవడానికి కారణం, మీరు సంతోషంగా ఉన్నారని. ఇక చెప్పకుండా ఉండలేకపోయాను.

రత్నకుమారి


నాగాయలంక,
4-5-1998.

రత్నకుమారికి,

లేనివాడు వచ్చి కాదని చెప్పలేడు కదా, ఏమైనా రాయొచ్చు.

నాకు చదువు తక్కువే గాని కళ్ళున్నాయి. ఆ నిలబడడం వాడిది. చిన్నప్పట్నుంచి నా పడవలో చూసినవాణ్ణి. గుడివాడలో పుట్టి పెరిగినదానికి, మోకు లాగేవాడు ఏ కాలి మీద బరువు వేస్తాడో ఎలా తెలుస్తుంది? చెప్పు.

ఇక ఈ సంగతి వద్దు. మీ అత్తయ్యకి నీ ఉత్తరం చదివి వినిపించలేదు.

నరసింహం


గుడివాడ,
28-6-1998.

మావయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి పక్కన పడేశాను. ఎండలు పోయాయి, స్కూళ్ళు తెరిచారు, చినుకులు పడ్డాయి. రోజూ బోర్డు మీద మామిడికాయ గీస్తున్నాను, పిల్లలు దాన్ని చూసి గీస్తున్నారు. మీరడిగిన ప్రశ్న మాత్రం వదల్లేదు. ఎలా తెలుస్తుంది అన్నారు కదా. చెప్తాను.

ఆయన ఓడలో పోలండు దేశపు ఇంజనీరు ఒకాయన ఉండేవాడట. డ్యూటీ లేనప్పుడు భోజనాల బల్ల మీద ఈ సిపాయిల్ని రెండు సైన్యాలుగా నిలబెట్టేవాడు. ఐదారు వందల ఏళ్ళనాటి యూరప్ యుద్ధాలు. స్కేలుతో కొలిచి అడుగు జరపాలి, పాచికలు వేసి ఎవరు పడ్డారో చూడాలి. ఈయనకీ ఆ ఆట పిచ్చి పట్టుకుంది. సెలవుకి వచ్చినప్పుడల్లా ఒక పెట్టె తెచ్చేవారు. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి అంటుకుని ఉంటాయి, విడదీసి అతికించాలి. అది ఆయన వల్ల కాలేదు, నేను చేశాను.

మొదటి పెట్టె పూర్తయ్యాక వరసగా నిలబెట్టి చూసి ఆయన మొహం చిట్లించారు.

"రత్నం, చూడు. అందరూ ఒక్కడే. అదే కాలు, అదే చెయ్యి. మా పడవలో నలుగురం ఉంటే నలుగురం నాలుగు రకాలుగా లాగుతాం."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"మార్చు. నీకు చేతనవుతుంది."

"ఎలా నిలబడాలో నాకేం తెలుసు?"

అప్పుడు చీపురుకట్ట తీసుకుని హాలు మధ్యలో నిలబడ్డారు, ఈటె పట్టుకున్నట్టు. కదలకండి అంటే కదిలేవారు. బొమ్మ మోకాలు వంచడం అయ్యేదాకా ఉండండి అంటే ముక్కు గోక్కునేవారు. ఇంటివాళ్ళావిడ ఓసారి అద్దెకని వచ్చి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అలా ఒక్కొక్కరికీ ఆయన నిలబడ్డారు, నేను కోసి వంచాను. అంచేత మీరు రాసింది అబద్ధం కాదు. నేను రాసిందీ అబద్ధం కాదు.

ఇంకొకటి చెప్పాలి. ఎడమకాలు తన్నిపెట్టి వెనక్కి చూసేవాడి కోసం నిలబడ్డప్పుడు ఆయన బియ్యం డబ్బా మీద కాలు పెట్టి, మోకు లాగుతున్నట్టు వంగి, తల తిప్పి అన్నారు: "ఇది నేను కాదు. మా నాన్న. వల బరువెక్కితే ఇలా వెనక్కి చూస్తాడు, మేం లాగుతున్నామా లేదా అని."

మీ బీరువాలో ఉన్నది మీరే మావయ్య గారూ.

పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి. నేను ఇక అడగను.

మీ కోడలు,
రత్నకుమారి


నాగాయలంక,
19-7-1998.

అమ్మా రత్నం,

నువ్వు ఇంటికి రాగానే పెట్టె మీ వసారాలో చూసి ఉంటావు. చెప్పకుండా వచ్చి, నిన్ను చూడకుండా వెళ్ళిపోయానని అనుకోవద్దు. పిచ్చేశ్వరరావు గారు చెప్పారో లేదో, నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివాను. అంతా విని, "ఆ పిల్ల వస్తువు ఆ పిల్లకి ఇచ్చెయ్యండి" అంది. లారీలో వేస్తే విరుగుతాయని నేనే బయలుదేరాను. అయ్యప్ప వస్తానన్నాడు, వద్దన్నాను. బస్సులో పెట్టె పైన వెయ్యమన్నాడు కండక్టరు. ఒళ్ళో పెట్టుకున్నాను. దారంతా వాన. మీ ఇంటికి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడడం లేదు. మీ నాన్నే కుర్చీ తెచ్చి వేశాడు.

"ఏముంది బావగారూ ఇందులో, ఇంత జాగ్రత్తగా తెచ్చారు?"

"మీ అమ్మాయి సామాను."

"మీ అబ్బాయిది అనుకున్నానే ఆ పెట్టె?"

"నేనూ అలాగే అనుకున్నాను."

కాఫీ తాగుతూ మీ నాన్న ఏదో చెప్పబోయి ఆగాడు, చెప్పబోయి ఆగాడు. నేనే అన్నాను, "సంబంధం గురించైతే నన్ను చూసి సందేహించకండి" అని. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. చేపల చెరువుల గురించి మాట్లాడుకున్నాం కాసేపు. నువ్వు రావడానికి ఇంకా ఆలస్యం ఉందన్నారు. నీ ఎదురుగా ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు, ఆ మే నెల ఉత్తరం రాసిన చేతులు పెట్టుకుని. బస్సు ఉందని లేచాను.

నేను అతికించిన వికారాలు కూడా అందులోనే వేశాను. పారేసేవి పారెయ్యి. ఒకణ్ణి మాత్రం నిన్నడక్కుండా మా దగ్గర ఉంచుకున్నాం. ఎవడో నీకు తెలుసు. వద్దంటే పంపిస్తాను.

మావయ్య


గుడివాడ,
16-8-1998.

మావయ్య గారికి, అత్తయ్య గారికి నమస్కారాలు.

అతణ్ణి మీరే ఉంచుకోండి. అడగాల్సిన పనిలేదు.

స్కూలు నుంచి వచ్చేసరికి మీరు వెళ్ళిపోయారని తెలిసి బస్టాండుకి పరుగెత్తాను. బస్సు దొరకలేదు. ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి మీరు రెండుసార్లు ఆగారని నాన్నగారు చెప్పారు. ఇంకెప్పుడూ అలా రాకండి. నేనే వస్తాను.

మీరు అతికించినవాళ్ళని చూశాను. గుర్రం మీద ఒకడికి రెండూ ఎడమ చేతులే పెట్టారు. ఒకడి డాలు వీపున ఉంది. ఏడాదిన్నర తర్వాత గట్టిగా నవ్వాను. అమ్మ కంగారుపడి లోపల్నుంచి వచ్చింది. వాళ్ళని పారెయ్యను. చేతులు విడదీయవచ్చు, కరిగినచోట లప్పం పెట్టి మళ్ళీ చెక్కవచ్చు.

మిగిలిన పెట్టెలు విప్పాను. ఆదివారాలు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. బ్లేడు పట్టుకుంటే చెయ్యి అలవాటు మరిచిపోలేదు. కానీ ఒక కష్టం వచ్చింది. ఆయన ఎలా నిలబడేవారో నాకు కళ్ళముందుకి రావడం లేదు. మాట గుర్తుంది, నవ్వు గుర్తుంది. ఏ కాలు ముందు, భుజం ఎంత వాలి ఉండేది అంటే తెలియడం లేదు. ఉన్నవి పెళ్ళి ఫొటోలు, అందులో స్తంభంలా నిలబడ్డారు. ఇంకొకటి ఓడ గుర్తింపు కార్డుది, మెడ దాకానే ఉంది.

మీరు ఆయన కోసం ఒకసారి నిలబడతారా? పడవ దగ్గర, మోకు పట్టుకుని. ఎవరిచేతైనా ఫొటోలు తీయించి పంపండి. పక్కనుంచి, వెనకనుంచి కూడా. మీకు శ్రమ అయితే వద్దు.

రెండో సంగతి అయ్యప్ప ద్వారా మీకు తెలియడం ఇష్టం లేక నేనే రాస్తున్నాను. చల్లపల్లిలో ఒకాయన ఉన్నారు. పడవ ఇంజన్లు బాగుచేస్తారు. భార్య పోయి మూడేళ్ళైంది. ఒకసారి వచ్చి వెళ్ళారు. ఎక్కువ మాట్లాడలేదు. కిటికీ దగ్గరున్న సిపాయిల్ని చూసి, ముట్టుకోవచ్చా అని అడిగి, ముట్టుకున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు నేను. మీరేమంటారో తెలుసుకోవాలని ఉంది.

మీ
రత్నం


నాగాయలంక,
10-9-1998.

అమ్మా రత్నం,

ఫొటోలు ఈ కవర్లోనే ఉన్నాయి. అవనిగడ్డ స్టూడియో కుర్రాణ్ణి రప్పించాను. పెళ్ళిళ్ళకు తప్ప బయటికి రానివాడు, ముసలాడి ఫొటోలు రేవులో ఎందుకని వాడికి అర్థం కాలేదు. మీ అత్తయ్య ఉతికిన చొక్కా వేసుకోమని వెంటబడింది. మోకు లాగేవాడికి ఉతికిన చొక్కా ఏమిటంటే వినలేదు. అందుకే అన్నిటిలో ఇస్త్రీ చొక్కాతో ఉన్నాను. నువ్వు చూసేది కాళ్ళే కదా.

మొదటి రెండు బాగానే వచ్చాయి. ఎడమకాలు పడవ అంచుకి తన్నిపెట్టాను. ఎంతకాలమైందో అలా కాలు పెట్టి. అయ్యప్ప అవతలి కొస పట్టుకుని, "బాబాయ్, అన్నయ్య ఇంకా వంగేవాడు, వంగు" అంటున్నాడు. వంగాను. వెనకనుంచి తీసింది కూడా ఉంది చూడు. నిజంగా లాగి చూపిద్దామని ఒక్క లాగు లాగాను. అంతే, ఊపిరి అందలేదు. కళ్ళు తిరిగి అక్కడే వలకుప్ప మీద కూలబడ్డాను. మీ అత్తయ్య పరుగెత్తుకొచ్చి మంచినీళ్ళు పట్టింది. ఆ స్టూడియో కుర్రాడు తెలివితక్కువవాడు, అది కూడా తీసేశాడు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, తల వేలాడేసుకుని కూర్చున్నాను. చింపేద్దామనుకుని, మళ్ళీ ఆలోచించి అదీ పెట్టాను.

చల్లపల్లి ఆయన గురించి ఏమంటానని అడిగావు. ఆయన్ని నేనెరుగుదును. రెండేళ్ళ కింద మా పడవ ఇంజను చూశాడు. అడిగి ముట్టుకున్నాడంటున్నావు, అది చాలు. మీ అత్తయ్య ఒకటే అంది, పెళ్ళి గుడివాడలో చేసినా మమ్మల్ని పిలవమని. వస్తాం. నిన్ను ఒకరి చేతిలో పెట్టడం చూస్తే మాకు కష్టంగానే ఉంటుంది. అయినా వస్తాం.

ఇంకొక మాట. అంతమంది సిపాయిలున్నారు. అందరూ పొడుస్తున్నారు, పరుగెడుతున్నారు, గుర్రాలెక్కుతున్నారు. ఎన్నాళ్ళనుంచి నడిచి వచ్చారో, ఒక్కడైనా అలిసిపోయి ఉండడా? నీకు వేళ్ళు నొప్పి లేనప్పుడు, ఒకణ్ణి కూర్చోబెట్టు. ఈటె పక్కన పడుకోబెట్టి, ఇనప టోపీ తీసి ఒళ్ళో పెట్టు. యుద్ధం సంగతి మిగతావాళ్ళు చూసుకుంటారు.

కాళ్ళు వంచేటప్పుడు వేడినీళ్ళతో జాగ్రత్త.

మావయ్య